గెలిచాక ఎక్కడుంటారు?

2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీ ఎన్నికల పోలింగ్ జరిగింది. కుప్పంలో పోటీ చేసిన చంద్రబాబు నాయుడు ఉండవల్లిలో ఓటు వేశారు. పిఠాపురంలో పోటీ చేసిన పవన్ కల్యాణ్ మంగళగిరిలో ఓటు వేశారు. ఉండవల్లి కూడా మంగళగిరి నియోజకవర్గంలోదే. అంటే ఇద్దరిలో ఎవరి ఓటూ వారికి పడే వీలు లేదు. పులివెందుల అభ్యర్థి జగన్మోహన్ రెడ్డి మాత్రం పులివెందులలోనే ఓటు వేశారు. అంతకుముందు 2023 నవంబరు 30న తెలంగాణలోనూ ఇదే చూశాం. గజ్వేల్, కామారెడ్డి రెండు చోట్లా బరిలో ఉన్న కేసీఆర్ ఓటు సొంతూరు చింతమడకలో ఉంది. అది సిద్దిపేట నియోజకవర్గం.

ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. కానీ పోలింగ్ రోజు సాయంత్రం టీవీలో ఈ దృశ్యాలు చూసి మా వీధి పిల్లలు నన్ను నిలదీశారు. "పెద్దమ్మా, మా నాన్నకు పక్క పంచాయతీలో ఓటుందని సర్పంచ్‌గా నిలబడనివ్వలేదు కదా! మరి వీళ్లకెట్లా కుదిరింది?" అని. నన్నే అడగడానికి కారణం ఉంది. మాది కదిరి ప్రాంతం. రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి, ఎన్నికల డిప్యూటీ తహసీల్దారుగా చేసి రిటైరయ్యాను. ఓటర్ల జాబితా సవరణలు, నామినేషన్ల పరిశీలన, పోలింగ్ ఏర్పాట్లు నా ఉద్యోగ జీవితంలో పెద్ద భాగం. ఆ పిల్లలకు చెప్పిన జవాబునే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఎందుకంటే ఇది వాళ్ల నాన్న ఒక్కడి సమస్య కాదు.

పదవి పెరిగేకొద్దీ సడలే నిబంధన

సర్పంచ్‌గానో వార్డు సభ్యుడిగానో పోటీ చేయాలంటే ఆ గ్రామ పంచాయతీ ఓటర్ల జాబితాలోనే పేరుండాలి. ఇల్లు రోడ్డుకు అవతల ఉండి, ఆ రోడ్డే పంచాయతీకి హద్దయినా కుదరదు. ఎంపీటీసీకి ఆ మండలంలో ఎక్కడైనా ఓటుంటే చాలు. జెడ్పీటీసీకి ఆ జిల్లాలో ఎక్కడైనా సరిపోతుంది.

అసెంబ్లీకి వచ్చేసరికి హద్దు రాష్ట్రమంతా అవుతుంది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 5వ సెక్షన్ ప్రకారం రాష్ట్రంలోని ఏదో ఒక అసెంబ్లీ నియోజకవర్గంలో ఓటరైతే, రాష్ట్రంలో ఎక్కడి నుంచైనా ఎమ్మెల్యేగా పోటీ చేయవచ్చు. లోక్‌సభకు రాష్ట్రం హద్దు కూడా లేదు. లక్షద్వీప్ లాంటి కొన్ని ప్రత్యేక స్థానాలు తప్పిస్తే, దేశంలో ఎక్కడ ఓటున్నా ఎక్కడి నుంచైనా నిలబడవచ్చు. రాజ్యసభ సభ్యుడు ఒక రాష్ట్రానికి ప్రతినిధి. అయినా 2003 నుంచి ఆయనకు ఆ రాష్ట్రంలో ఓటు ఉండాల్సిన పని లేదు.

నామినేషన్ల గదిలో పనిచేసిన వాళ్లకు తెలిసే సంగతి ఇంకొకటి ఉంది. అసెంబ్లీ అభ్యర్థికి ఆ నియోజకవర్గంలో ఓటు అక్కర్లేదు గానీ, ఆయన పేరు ప్రతిపాదించేవాళ్లకు మాత్రం అక్కడే ఓటుండాలి. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్కరు ప్రతిపాదిస్తే చాలు. స్వతంత్రులకు పదిమంది కావాలి. అభ్యర్థి బయటి నియోజకవర్గం వాడైతే, తన పేరున్న ఓటర్ల జాబితా పేజీకి ధ్రువీకరించిన నకలు తెచ్చి చూపాలి. ఆ కాగితం కోసం చివరి రోజు మధ్యాహ్నం ఉరుకులు పరుగులు పెట్టిన పెద్ద నాయకుల అనుచరులను చాలామందిని చూశాను. చట్టం నాయకుడిని తన నివాసం గురించి అడిగే రుజువు ఆ ఒక్క కాగితమే.

కాబట్టి మొత్తం బరువు ఓటర్ల జాబితా మీద పడుతుంది. ఆ జాబితాలోకి పేరు ఎలా ఎక్కుతుందో తెలుసుకుంటే తప్ప మిగతాది అర్థం కాదు.

ఇల్లుంటే సరిపోదు

1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 19వ సెక్షన్ ప్రకారం 18 ఏళ్లు నిండి, ఒక నియోజకవర్గంలో 'సాధారణ నివాసి' అయినవారికి అక్కడ ఓటు ఇవ్వాలి. సాధారణ నివాసి ఎవరన్నది 20వ సెక్షన్ చెబుతుంది. ఒక చోట సొంతిల్లు ఉన్నంత మాత్రాన అక్కడి నివాసి అయిపోరు. పని మీద కొంతకాలం ఊళ్లో లేనంత మాత్రాన నివాసి కాకుండానూ పోరు. ఇన్ని నెలలు, ఇన్ని రోజులు ఉండాలన్న లెక్క చట్టంలో ఎక్కడా లేదు. ఒకరికి ఒకే చోట ఓటుండాలి. తప్పుడు వివరాలతో పేరు చేర్పిస్తే ఏడాది దాకా జైలు శిక్ష పడవచ్చు.

ఈ మాటలకు ప్రాణం పోసేది బూత్ స్థాయి అధికారి, అంటే బీఎల్‌వో. అంగన్‌వాడీ టీచరో, స్కూలు మాస్టారో, సచివాలయ ఉద్యోగో ఆ పని చేస్తారు. కొత్త ఓటుకు ఫారం 6, అభ్యంతరానికి ఫారం 7, చిరునామా మార్పుకు ఫారం 8 పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. పెళ్లయి అత్తారింటికి వెళ్లిన ఆడపిల్ల ఓటు అక్కడికి మారుస్తారు. హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లలకు ఇల్లో హాస్టలో ఏదో ఒకచోట ఇస్తారు. ఇల్లే లేని వాళ్లకూ ఓటు హక్కుంది. గుడి మెట్ల దగ్గరో ఫ్లైఓవర్ కిందో పడుకునే మనిషి దరఖాస్తు పెడితే, బీఎల్‌వో రాత్రిపూట వెళ్లి అక్కడే నిద్రపోతున్నారో లేదో చూసి రావాలి. వేరే కాగితం అడగకూడదు. ఎన్నికల సంఘం నియమాల్లో నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించిన నియమం ఇది.

కష్టమంతా వలస కూలీల దగ్గర వస్తుంది. మా ప్రాంతపు తండాల నుంచి ఏటా బెంగళూరుకు, కేరళకు కూలి పనులకు పోతారు. జాబితా సవరణ సమయంలో బీఎల్‌వో వెళ్తే ఇంటికి తాళం ఉంటుంది. పుస్తకంలో 'షిఫ్టెడ్' అని రాసుకుంటారు. ఒకసారి అలాంటి పేర్ల మీద విచారణకు నేనే తండాకు వెళ్లాను. కొడుకూ కోడలూ పేర్లు తీసేయబోతున్నామని తెలిసి ఒక పెద్దావిడ నా ముందు నిలబడి, "ఇంటికి తాళమేసి పోయినారు గానీ ఊరిడిసి పోలేదమ్మా. పండగకొస్తారు, పంటకొస్తారు, చావుకొస్తారు. వాళ్లు ఈ ఊరోళ్లు కాకపోతే ఏ ఊరోళ్లో నువ్వే చెప్పు" అంది. చట్టం 20వ సెక్షన్‌లో ఉన్నదే ఆమె తన మాటల్లో చెప్పింది. పని కోసం తాత్కాలికంగా వెళ్లినవాళ్లు నివాసులే. ఆ పేర్లు ఉంచమని రాశాను.

ఇది చిన్న సంగతి కాదు. 2025లో బిహార్‌లో ఎన్నికల సంఘం ప్రత్యేక సవరణ చేపడితే ముసాయిదా జాబితాలో సుమారు 65 లక్షల పేర్లు లేవు. వాటిలో 30 లక్షలకు పైగా శాశ్వతంగా వెళ్లిపోయినవారిగానో, ఇంటి దగ్గర కనిపించనివారిగానో చూపినవే. వలస వెళ్లిన పేదవాడు సొంతూరి నివాసి అవునా కాదా అన్న ప్రశ్న అప్పుడు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇంకోవైపు, విదేశాల్లో ఉంటూ భారత పౌరసత్వం వదులుకోనివారికి 2010 సవరణతో పాస్‌పోర్టులోని చిరునామాలో ఓటు ఇచ్చారు. వాళ్లు ఇక్కడ ఉండకపోయినా ఫారం 6ఏ నింపితే చాలు. ఓటు వేయడానికి మాత్రం స్వయంగా రావాలి. డాలస్‌లో ఉన్న మన పిల్లలకు ఆ హక్కు రావడం సంతోషమే. అదే ఉదారత బెంగళూరులో ఇటుకలు మోసే తండా పిల్లలకూ దక్కాలి.

రాష్ట్రానికి ప్రతినిధి, రాష్ట్రంలో ఓటు లేదు

ఇప్పుడు రాజ్యసభ సంగతి. 1951 చట్టం 3వ సెక్షన్ ప్రకారం ఏ రాష్ట్రం నుంచి రాజ్యసభకు వెళ్లాలన్నా ఒకప్పుడు ఆ రాష్ట్రంలోనే ఓటుండాల్సి వచ్చేది. 50 ఏళ్లకు పైగా అదే నియమం నడిచింది. దాన్ని దాటడానికి దారులూ పుట్టాయి. అన్నిటికన్నా పేరుపడ్డ ఉదాహరణ మన్మోహన్ సింగ్‌ది. 1991లో ఆయన ఆర్థిక మంత్రి అయ్యాక అస్సాం నుంచి రాజ్యసభకు ఎన్నికయ్యారు. అప్పటి అస్సాం ముఖ్యమంత్రి హితేశ్వర్ సైకియా కుటుంబానికి చెందిన గువాహటి ఇంట్లో అద్దెకుంటున్నట్టు చిరునామా చూపారు. ఆ చిరునామాతోనే 2019 దాకా అస్సాం ప్రతినిధిగా ఉన్నారు. 2014 ఎన్నికల్లో ప్రధాని హోదాలో దిస్పూర్ వెళ్లి ఓటు వేశారు. ఆయన నిజాయితీని శంకించేవాళ్లు తక్కువ. అయినా అంతటి మనిషి నివాసం గురించి ఏళ్ల తరబడి ప్రశ్నలు తప్పలేదు.

2003లో వాజపేయి ప్రభుత్వం ఆ నిబంధననే తీసేసింది. దేశంలో ఎక్కడ ఓటున్నా ఏ రాష్ట్రం నుంచైనా రాజ్యసభకు వెళ్లవచ్చని చట్టం సవరించారు. సీనియర్ పాత్రికేయుడు కులదీప్ నయ్యర్ దీన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశారు. రాష్ట్రాల సభలో రాష్ట్రంతో సంబంధం లేనివాళ్లు కూర్చుంటే సమాఖ్య స్ఫూర్తి ఏమవుతుందన్నది ఆయన వాదన. 2006 ఆగస్టు 22న ప్రధాన న్యాయమూర్తి వై.కె. సభర్వాల్ నాయకత్వంలోని ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ వాదనను తోసిపుచ్చింది. రాష్ట్ర ఎమ్మెల్యేలు ఎన్నుకున్నవారే ఆ రాష్ట్రానికి ప్రతినిధులనీ, వారు అక్కడ నివసించాలని రాజ్యాంగం చెప్పలేదనీ, అర్హతలు నిర్ణయించే అధికారం పార్లమెంటుదేననీ తీర్పు సారాంశం.

ఫలితం మన కళ్లెదుటే ఉంది. ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7 రాజ్యసభ స్థానాలున్నాయి. నిర్మలా సీతారామన్ 2014లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లి, 2016లో కర్ణాటకకు మారారు. మహారాష్ట్ర నేత సురేశ్ ప్రభు 2016లో, ముంబయి పారిశ్రామిక రంగం నుంచి వచ్చిన పరిమళ్ నత్వానీ 2020లో ఆంధ్రప్రదేశ్ నుంచే ఎన్నికయ్యారు. అభిషేక్ మను సింఘ్వీ 2024లో తెలంగాణ నుంచి వెళ్లారు. మనవాళ్లూ అలాగే వెళ్లారు. వెంకయ్య నాయుడు 2016లో రాజస్థాన్ నుంచి, జీవీఎల్ నరసింహారావు 2018లో, కె. లక్ష్మణ్ 2022లో ఉత్తరప్రదేశ్ నుంచి ఎన్నికయ్యారు. ఏ ఒక్క పార్టీనో తప్పుపట్టే వీలు లేదు. అన్ని పార్టీలూ ఈ దారిలోనే నడిచాయి.

ఎన్నికైన రాజ్యసభ సభ్యుడికి ఏటా 5 కోట్ల రూపాయల ఎంపీ నిధులుంటాయి. తనను ఎన్నుకున్న రాష్ట్రంలో ఏ జిల్లాలోనైనా వాటిని ఖర్చు పెట్టించవచ్చు. ఏ జిల్లాలో తాగునీటి ట్యాంకు కావాలో, ఏ బడికి గదులు లేవో తెలియాలంటే ఆ రాష్ట్రంలో తిరిగి ఉండాలి. తెలుగు చదవలేని ప్రతినిధి దగ్గరికి మా కదిరి రైతు అర్జీ పట్టుకుని ఎలా వెళ్తాడు?

గట్టి నిబంధన పెడితే?

'అన్ని పదవులకూ స్థానికత తప్పనిసరి చేస్తే సరిపోతుంది కదా' అని చాలామంది అంటారు. అక్కడ ఆగి ఆలోచించాలి. 1946లో రాజ్యాంగ సభకు ఎన్నికలు జరిగినప్పుడు అంబేడ్కర్ తాను పనిచేసిన బొంబాయి నుంచి వెళ్లలేకపోయారు. జోగేంద్రనాథ్ మండల్ చొరవతో బెంగాల్ నుంచి ఎన్నికయ్యారు. నివాస నిబంధన గట్టిగా ఉండి ఉంటే ఆయన ఆ రోజు ఆ సభలో కూర్చునేవారు కాదు. దేశ విభజనతో ఆ స్థానం పోయాకే 1947లో బొంబాయి ఆయనను పంపింది.

మన నేల మీదా ఉదాహరణలున్నాయి. ఓరుగల్లు ప్రాంతపు వంగర గ్రామానికి చెందిన పి.వి. నరసింహారావు 1984లో హనుమకొండలో ఓడి, మహారాష్ట్రలోని రాంటెక్‌లో గెలిచారు. 1991లో ప్రధాని అయ్యేనాటికి ఏ సభలోనూ సభ్యుడు కారు. నంద్యాల ఆయనను 5 లక్షలకు పైగా మెజారిటీతో గెలిపించింది. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ అక్కడ తెలుగుదేశం అభ్యర్థిని నిలబెట్టలేదు. 1980లో రాయ్‌బరేలీ, మెదక్ రెండూ గెలిచిన ఇందిరా గాంధీ మెదక్‌నే ఉంచుకున్నారు. 1984లో మరణించేనాటికి ఆమె మన మెదక్ ఎంపీ.

ఊళ్లో పెత్తనం ఒక్క కుటుంబానిదే అయిన చోట, బయటి నుంచి వచ్చిన మనిషే పేదవాళ్లకు దారి చూపిన సందర్భాలూ నేను ఎరుగుదును. స్థానికుడైతే మంచివాడు, బయటివాడైతే చెడ్డవాడు అనే లెక్క నిలవదు.

ఇంకా ముఖ్యమైన సంగతి, ఓటర్లు ఈ విషయంలో చట్టం కన్నా నిక్కచ్చిగా ఉన్నారు. 1989లో ముఖ్యమంత్రి ఎన్టీఆర్ హిందూపురంతో పాటు కల్వకుర్తిలో నిలబడితే హిందూపురం గెలిపించింది, కల్వకుర్తి ఓడించింది. 2009లో చిరంజీవిని తిరుపతి గెలిపించింది. సొంత జిల్లాలోని పాలకొల్లు ఓడించింది. 2023లో కామారెడ్డిలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్, తర్వాత ముఖ్యమంత్రి అయిన రేవంత్ రెడ్డి ఇద్దరూ పోటీ పడితే, ఇద్దరినీ ఓడించి స్థానికుడు కాటిపల్లి వెంకట రమణారెడ్డి గెలిచారు. ఇటు చూస్తే, చంద్రబాబు సొంతూరు నారావారిపల్లె చంద్రగిరి నియోజకవర్గంలో ఉన్నా కుప్పం 1989 నుంచి ఆయననే గెలిపిస్తోంది. ఆయన అక్కడ సొంతిల్లు కట్టుకుని గృహప్రవేశం చేసింది 2025లో.

అడగాల్సింది గెలిచాక

ఇన్నేళ్ల అనుభవంలో నాకు స్పష్టమైంది ఒకటే. మన చట్టం నివాసం గురించి అడిగేది గెలవకముందు మాత్రమే. అదీ ఒక కాగితంతో సరిపెడుతుంది. ప్రజలకు ప్రతినిధి అవసరం పడేది గెలిచిన తర్వాత. అప్పుడు అడిగే నియమం ఎమ్మెల్యేకు లేదు, ఎంపీకి లేదు. పైగా పదవీ బాధ్యతల మీద నియోజకవర్గంలో లేకపోయినా, ఎన్నికయ్యేనాటికి ఓటున్న చోటనే వారు సాధారణ నివాసులుగా కొనసాగుతారని 20వ సెక్షన్ రక్షణ ఇస్తోంది. ఢిల్లీలోనో రాజధానిలోనో సభలకు హాజరు కావాలి కాబట్టి ఆ రక్షణ న్యాయమే. కానీ సభలు లేని రోజుల్లో ఎక్కడుండాలో ఎవరూ చెప్పలేదు.

సర్పంచ్‌కు మాత్రం చెప్పారు. 2020లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టానికి తెచ్చిన సవరణల్లో సర్పంచ్ ఊళ్లోనే నివాసం ఉండాలని, రోజూ పంచాయతీ కార్యాలయానికి రావాలని పెట్టారు. ఇది సరైన నియమమని నా నమ్మకం. వీధి దీపం, బోరు మోటారు, కాలువ పూడిక రోజువారీ పనులు. సీటు మహిళలకు రిజర్వు అయిందని పట్నంలో కాపురముంటున్న కోడలి ఓటును ముందుగానే ఊరికి మార్పించి, గెలిచాక ఆమెను మళ్లీ పట్నం పంపి, మామగారో భర్తో కుర్చీలో కూర్చున్న ఊళ్లు నాకు తెలుసు. అదే ఊళ్లో పుట్టి, ఆ ఊరి బోర్లన్నీ పేరుపేరునా తెలిసిన ఆడపిల్లకు పెళ్లయిందని ఓటు మారిపోయి పోటీకి అర్హత పోయిన సంగతీ తెలుసు. ఊళ్లో ఉండాలన్న నియమం గట్టిగా అమలైతే ఊళ్లో నిజంగా ఉండే ఆడవాళ్లకే ఆ కుర్చీ దక్కుతుంది.

ఊరి తాగునీటికి జవాబు చెప్పాల్సిన సర్పంచ్ ఊళ్లో ఉండాలన్నప్పుడు, నియోజకవర్గం మొత్తానికి జవాబు చెప్పాల్సిన ఎమ్మెల్యేకు ఆ బాధ్యత ఎందుకు ఉండకూడదు? సభలు లేని కాలంలో నెలకు కనీసం ఇన్ని రోజులు నియోజకవర్గంలో ఉండాలని, అక్కడ జనం వచ్చి కలిసే కార్యాలయం ఉండాలని, ఉన్న రోజుల వివరాలు బయటపెట్టాలని చట్టసభలే నియమం చేసుకోవచ్చు. దానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. రాజ్యసభకు పాత నిబంధన తిరిగి తేవాలి. అది కూడా పార్లమెంటు చట్టంతో అయ్యే పనే. ఆ రాష్ట్రంలో ఓటుండాలనడం ఒక్కటీ చాలదు, అద్దె చిరునామాలు మళ్లీ పుడతాయి. ఎన్నికకు ముందు కొన్నేళ్లు ఆ రాష్ట్రంలో నివసించిన రుజువు అడగాలి. గ్రూప్ పరీక్ష రాసే కుర్రాడిని స్థానికుడివని నిరూపించుకోమని ఏళ్ల నాటి స్టడీ సర్టిఫికెట్లు అడుగుతున్న దేశంలో, రాష్ట్రం తరఫున చట్టాలు చేసే మనిషిని అడగడం ఎక్కువేమీ కాదు.

చట్టం మారేదాకా ఆ ప్రశ్న మనమే అడగాలి. ఈసారి ఏ పార్టీ అభ్యర్థి మీ గడపకు వచ్చినా, "మీది ఏ ఊరు?" అన్న దగ్గర ఆగకండి. "గెలిచాక ఎక్కడుంటారు? ఏ రోజుల్లో, ఏ చోట మమ్మల్ని కలుస్తారు?" అని అడగండి. చెప్పిన జవాబును పదిమంది ముందు చెప్పించండి. అలాగే మీ ఊరి ఓటర్ల జాబితా తీసి చూడండి. కూలికి వలస వెళ్లిన మీ పక్కింటివాళ్ల పేర్లు అందులో లేకపోతే బీఎల్‌వో దగ్గరికి వెళ్లి చేర్పించండి. ఆ హక్కు వాళ్లకు చట్టం ఇచ్చినదే.